1972 నోవాకి నైట్రస్ ప్లేట్ కిట్: పెట్టినవాళ్ళు మీ అనుభవం చెప్పండి

నోవా_350
అన్నలూ, నేను డాలస్‌లో ఉంటాను. బండి 1972 షెవర్లే నోవా, 350 ఇంజను, మీద హాలీ ఫోర్ బ్యారెల్ కార్బరేటర్. లోపల పోత పిస్టన్లే. ఇంజనుకి అదనపు ఆక్సిజన్ ఇచ్చి పవర్ పెంచే నైట్రస్ ఆక్సైడ్ వాయువు కోసం, కార్బరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ (సిలిండర్లకి మిశ్రమం పంచే గొట్టాలు) మధ్య బిగించే ప్లేట్ కిట్ కొన్నాను. 100 హార్స్‌పవర్ పెంచే జెట్లతో (నైట్రస్, పెట్రోల్ ఎంత రావాలో కొలిచే చిన్న రంధ్రాలు) మొదలుపెడదామని. రోడ్డు మీద వాడను, డ్రాగ్ స్ట్రిప్‌లోనే (నేరుగా పందెం వేసే ట్రాక్). ఎక్కడ జాగ్రత్తపడాలి?

గోదారి_గ్యారేజ్
తమ్ముడూ, ముందు పెట్రోల్ సంగతి చూసుకో. నేను అక్కడే దెబ్బతిన్నాను. ఇంజను ఐడిల్‌లో ఉండగా పెట్రోల్ ప్రెషర్ గేజ్ 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తే చాలనుకున్నాను. మూడో పరుగులో నైట్రస్ అందుకోగానే గులకరాళ్ళు గిలక్కొట్టినట్టు చప్పుడు, వెనకాల నీలం పొగ. హెడ్ విప్పితే ఏడో పిస్టన్ అంచు కరిగిపోయి రింగు బయటికి కనిపిస్తోంది.

ఒకే పంపు కార్బరేటర్‌కీ, కిట్ సొలనాయిడ్‌కీ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) పెట్రోల్ ఇస్తోంది. సొలనాయిడ్ తెరుచుకోగానే ప్రెషర్ పడిపోయింది, నైట్రస్ మాత్రం నిండుగా వచ్చింది. నైట్రస్ తనంతట తాను మండదు. దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువులో 36 శాతం ఆక్సిజనే, గాలిలో 23 శాతమే. అంత ఆక్సిజన్‌కి తగ్గ పెట్రోల్ అందకపోతే మిశ్రమం లీన్ అయి (పెట్రోల్ తక్కువై) డెటొనేషన్, అంటే సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం, మొదలవుతుంది. పిస్టన్ పోవడానికి రెండు మూడు సెకన్లు చాలు.

అందుకే ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని, నైట్రస్ బాటిల్ మూసేసి పరీక్ష చెయ్యి. పెట్రోల్ లైను ప్లేట్ దగ్గర విప్పి, జెట్ దానికే ఉంచి, క్యాన్‌లోకి వదులు. పారుతున్నప్పుడు గేజ్ చూపించే అంకె ఒక్కటే నమ్ము.

స్ట్రిప్_శీను
100 షాట్‌కి (100 హార్స్‌పవర్ పెంచే నైట్రస్‌కి) నాకు ఇంజనే తిప్పే మామూలు మెకానికల్ పంపే మూడు సీజన్లు సరిపోయింది. వేరే పంపు కొనక్కర్లేదని నా అభిప్రాయం.

గోదారి_గ్యారేజ్
శీనూ, నీ బండికి సరిపోయి ఉండొచ్చు. పంపు వయసు, లైను లావు, ఫిల్టరు అన్నీ తేడా తెస్తాయి కదా. కొలిచాకే చెప్పాలి.

బాటిల్_బాబాయ్
బాటిల్ ప్రెషర్ 900 నుంచి 950 పీఎస్ఐ మధ్య ఉంచు బాబూ. 21 డిగ్రీల వాతావరణంలో 750 దగ్గరే ఉంటుంది, అప్పుడు హీటర్ దుప్పటి చుట్టాలి. మంట చూపించడం ప్రాణాంతకం, ఎవరైనా చేస్తుంటే ఆపండి. మీ టెక్సస్ ఎండకి డిక్కీలో ప్రెషర్ ఎక్కువై కూడా లీన్ అవుతుంది, అది చాలామంది పట్టించుకోరు. బాటిల్ పడుకోబెట్టేటప్పుడు వాల్వు కారు ముందు వైపుకి, కొంచెం ఎత్తులో, లేబుల్ పైకి ఉండాలి. లోపలి గొట్టం ద్రవాన్ని అందుకునేది అలా ఉంటేనే.

నోవా_350
బాబాయ్, థాంక్స్. టైమింగ్, ప్లగ్గులు ఏం చెయ్యాలి?

స్ట్రిప్_శీను
టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ ఎంత ముందుగా వస్తుందో అది, 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీల చొప్పున తగ్గిస్తాం. నువ్వు 100 పెడుతున్నావు కాబట్టి 4. ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది, గ్యాప్ అంగుళంలో వెయ్యింట 35 వంతులు. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటేనే పనిచేసే మైక్రో స్విచ్ తప్పనిసరి. 3000 ఆర్పీఎం లోపు అసలు వదలకు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ మానిఫోల్డ్‌లో మడుగు కట్టి వెనక్కి పేలుతుంది. స్నేహితుడి బండికి కార్బరేటరే ఊడి హుడ్‌కి తగిలింది, నేను పక్కనే ఉన్నాను.

నోవా_350
ఇవాళ గ్యారేజ్ బయట పరీక్ష చేశాను. ఊరికే ఉన్నప్పుడు 6.5 పీఎస్ఐ, పారుతున్నప్పుడు 4. కిట్‌కి విడిగా ఎలక్ట్రిక్ పంపు, రెగ్యులేటరు ఆర్డర్ పెట్టాను. పెట్రోల్ ప్రెషర్ పడితే నైట్రస్ కట్ చేసే స్విచ్ కూడా. అవి బిగించి మళ్ళీ కొలిచేదాకా బాటిల్ కారులో పెట్టను.