తంజావూర్‌లో ఒక పగలు, సాయంత్రం కచేరీ.. ఏం చూడొచ్చు?

తొప్పి_నాదం: అందరికీ హాయ్. మృదంగం వాయిస్తాను, మాది రాజమండ్రి. వచ్చే వారం తిరువయ్యారులో సాయంత్రం 6కి గాత్ర కచేరీకి పక్కవాద్యం, పొద్దున్నే తంజావూర్‌లో దిగుతాం, మధ్యలో ఊరు చూద్దామని ఉంది కానీ చేతులు అలిసిపోకూడదు, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

కావేరి_గట్టు: ముందు పెద్దకోవెలకి, అదే బృహదీశ్వరాలయానికి, వెళ్లిపోండి బ్రో, రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన గుడి, ఎండెక్కితే ఆ రాళ్ల మీద కాళ్లు కాలిపోతాయి, మధ్యాహ్నం మూసేస్తారు కూడా. తర్వాత ప్యాలెస్‌లోనే సరస్వతీ మహల్ లైబ్రరీ, అక్కడ తెలుగు తాళపత్రాలు బోలెడు. నాయక రాజులు తెలుగువాళ్లే కదా, మరాఠా రాజులు కూడా తెలుగులో రాశారు, మనవాళ్లకి ఇది పెద్దగా తెలీదు అదో బాధ.

వీణ_పిచ్చి: వీణలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి అండి. పనసచెక్క తొలిచి కుండ, దండి మొత్తం ఒకే మొద్దులో తీస్తే అది ఏకాండ వీణ. మీ మృదంగం కూడా పనసదే కాబట్టి బాగా కబుర్లు నడుస్తాయి.

పాత_లయ: తమ్ముడూ, వాయిద్యం కార్లో ఎండలో వదిలేయకు, చర్మం బిగుసుకుని శృతి పెరిగిపోతుంది. తొప్పికి, అదే మృదంగం ఎడమ వైపుకి, పూసే రవ్వ ముద్ద అక్కడే కలిపి పెట్టుకో. తిరువయ్యారు 13 కిలోమీటర్లే, అయినా 4కల్లా చేరిపో, త్యాగరాజస్వామి సమాధి దగ్గర కాసేపు కూర్చోవచ్చు, అది కట్టించింది గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారు.

తొప్పి_నాదం: థాంక్యూ అన్నా! మధ్యాహ్నం భోజనానికి ఎక్కడ బాగుంటుందో కూడా చెప్పండి ఎవరైనా, మా గాయకుడికి కారం పడదు