శ్వేత మరుగుజ్జా, శ్వేత వామనమా?

ప్రశ్న: పిల్లల సైన్సు పాఠంలో ‘మృగవ్యాధుడి పక్కనున్న శ్వేత మరుగుజ్జు’ అని ఉంది. (మృగవ్యాధుడు అంటే సిరియస్ నక్షత్రం.) ఇది వైరి సమాసం, అంటే సంస్కృతం మాటను తెలుగు మాటతో అతికించిన తప్పు సమాసం, కాదా? ‘తెల్ల నక్షత్రం’ అని మారిస్తే సరిపోతుందా?

– సరిపోదండి, అర్థమే మారిపోతుంది. మృగవ్యాధుడు కంటికి ఒక్కటిగా కనిపించినా రెండు తారల జంట. మనకు 8.6 కాంతి సంవత్సరాల దూరం. మనం చూసేది పెద్దదాన్ని: ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 2.06 రెట్లు, వ్యాసార్ధం 1.71 రెట్లు, ఉపరితల ఉష్ణోగ్రత 9,900 కెల్విన్ల దగ్గర, వెలుగు దాదాపు 25 రెట్లు. ఇంకా హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూనే ఉంది. ‘తెల్ల నక్షత్రం’ అంటే ఇదీ.

రెండోది, అంటే పాఠంలోని ‘శ్వేత మరుగుజ్జు’, ఇంధనం అయిపోయాక మిగిలిన తార గర్భం. ద్రవ్యరాశి సూర్యుడంత, వ్యాసార్ధం మాత్రం దాదాపు 5,850 కిలోమీటర్లు. భూమిది 6,371! ఉష్ణోగ్రత 25,000 కెల్విన్లు ఉన్నా ఒళ్లు అంత చిన్నది కాబట్టి, కంటికి ఆనే వెలుగులో పెద్దదాని ముందు దాదాపు పదివేలో వంతే. పెద్ద తార దారి తిన్నగా లేదని గమనించి, కనపడని తోడు ఉండాలని 1844లో ఖగోళవేత్త బెసెల్ చెప్పాడు; 1862లో దూరదర్శినులు తయారుచేసే క్లార్క్ దాన్ని దూరదర్శినిలో చూశాడు. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి 50 ఏళ్లు పడుతుంది.

– వ్యాకరణం సంగతి. ‘శ్వేత’ విభక్తి లేని సంస్కృత ప్రాతిపదిక, ‘మరుగుజ్జు’ తెలుగు మాట. పాత లెక్కలో అతకదు. ‘శ్వేత వామనం’ అంటే రెండూ సంస్కృతం, ‘తెల్ల మరుగుజ్జు’ అంటే రెండూ తెలుగు. పిల్లల కోసమైతే నా ఓటు రెండోదానికే. ‘వామనం’ అనగానే మూడడుగులు గుర్తొచ్చి, ఇదీ పెరిగి ఆకాశమంత అవుతుందేమో అనుకుంటారు. నిజానికి జరిగింది తలకిందులు: ముందు ఉబ్బింది, తర్వాత కుంచించుకుపోయింది.

– సమాసం కుదిరినా ‘తెల్ల’ అన్నది రంగు కాదని పాఠంలో ఒక ముక్క చేర్చండి. వాన్ మానెన్ తార 14 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఉష్ణోగ్రత 6,000 కెల్విన్లకు కాస్త పైన. రంగులో సూర్యుడికి దగ్గర, అయినా తెల్ల మరుగుజ్జే. మృగవ్యాధుడి తోడేమో తెలుపు దాటి నీలి ఛాయలోకి పోతుంది. 1922లో ఖగోళవేత్త లైటెన్ ఆ పేరు పెట్టాడు; ఈ రకంలో మొదట తెలిసిన తారలు తెల్లవి. పేరు రూఢి అయిపోయింది. తెల్ల మరుగుజ్జు లోపల కేంద్రకాల కలయిక చర్య (ఫ్యూజన్) లేదు, చల్లారుతూ పోతుంది. ఎర్రబడినా పేరు మారదు.

– కొలతలు రాసేటప్పుడు మూడు చోట్ల కాలు జారుతుంది. ‘డిగ్రీల కెల్విన్’ అనకూడదు, ఉత్త కెల్విన్లే. ‘సూర్యుడి కంటే రెండు రెట్లు ఎక్కువ’ అంటే మూడింతలని చదివేవాళ్లున్నారు. ‘సూర్యుడికి రెండింతలు’ అంటే పేచీ లేదు. ఇక మృగవ్యాధుడి తోడు గురించి రాసే ‘చెంచాడు పదార్థం 12 టన్నుల బరువు’ అన్న వాక్యం. ఘన సెంటీమీటరుకు సగటున 2.4 టన్నులు, 5 మిల్లీలీటర్ల చెంచాకు 12 టన్నులు, లెక్క సరే. కానీ అది ద్రవ్యరాశి. ఆ తార మీద గురుత్వం భూమికి సుమారు 4 లక్షల రెట్లు, అక్కడ తూస్తే బరువు అన్ని రెట్లు పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను: ‘మృగవ్యాధుడి తోడు ఒక తెల్ల మరుగుజ్జు. భూమి కన్నా కాస్త చిన్నది, ద్రవ్యరాశిలో సూర్యుడితో సమానం.’ మృగవ్యాధుడు ‘ఉన్నాడు’ అని, తోడు ‘ఉంది’ అని రాయవచ్చా?

– నిక్షేపంగా. పేరు పురుషుడిది కాబట్టి ‘ఉన్నాడు’. అయితే ‘మృగవ్యాధ నక్షత్రం’ అని మొదలుపెడితే మాత్రం ‘ఉంది’ అనే ముగించాలి.