అడవికి తిరిగి వెళ్లలేని వాంబాట్‌ని స్పాన్సర్ చేసినవాళ్లు ఉన్నారా?

కాన్‌బెర్రా అమ్మ:
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా పాపకి తొమ్మిదేళ్లు నిండుతాయి. ఈసారి బొమ్మలూ బట్టలూ వద్దట, ఆ డబ్బుతో "ఇంటికి పోలేని వాంబాట్"కి గడ్డి కొనిపెట్టాలట. వాంబాట్ అంటే ఇక్కడ ఆస్ట్రేలియాలో బొరియలు తవ్వుకుని గడ్డి మేసే జంతువు. బడికి ఎవరో వచ్చి చెప్పి వెళ్లారు, అప్పట్నుంచీ ఇంట్లో ఇదే గోల. మంచి ఆలోచనే గానీ నాకు అనుమానాలున్నాయి. దెబ్బ తగ్గాక అడవిలో వదిలేయొచ్చు కదా, ఎందుకు ఉంచుకుంటారు? ఒకసారి మొదలుపెడితే ఎన్నేళ్లు కట్టాలి? వెళ్లి చూడనిస్తారా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బాలరాట్ బాబాయ్:
అమ్మా, మేం మూడేళ్లుగా నెలకి 20 డాలర్లు కడుతున్నాం. మొదట సర్టిఫికెట్టూ ఫోటో వచ్చాయి. తర్వాత రెండు మూడు నెలలకోసారి ఒక ఉత్తరం. అందులో పెద్ద విశేషాలేమీ ఉండవు. తిన్నది, పడుకున్నది, మళ్లీ తలుపు కొరికింది, అంతే. ఒక సంగతి మొదటే తెలుసుకోండి, మీ 20 డాలర్లు ఆ ఒక్క వాంబాట్ గిన్నెలోకే వెళ్లవు. అక్కడున్న అన్నిటి మేతకీ, డాక్టరు బిల్లుకీ, కంచెలకీ కలిపి ఖర్చు పెడతారు. నాకది ముందు తెలియక కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఆలోచిస్తే అదే న్యాయం. లేకపోతే ముద్దొచ్చే మొహం ఉన్నదానికి డబ్బంతా, ముసలిదానికి శూన్యం.

ఎన్నేళ్లు అంటారా, మా ఊరి వన్యప్రాణుల పార్కులో ప్యాట్రిక్ అని ఒకడుండేవాడు. తల్లి చనిపోతే మనుషుల చేతుల్లో పెరిగాడు. అడవిలో వదలబోతే తోటి వాంబాట్‌లు బతకనివ్వలేదు. 2017లో పోయాడు, 31 ఏళ్లకి. అడవిలో పదిహేనేళ్లు బతికితే గొప్ప. అలాగని మీరు ముప్పై ఏళ్లు కట్టాలని కాదు, చాలా చోట్ల ఏడాది లెక్కే.

పాలసీసా:
నేను వెటర్నరీ నర్సుని. వారాంతాల్లో న్యూ సౌత్ వేల్స్‌లో ఒక కేరర్ దగ్గర, అంటే దెబ్బ తగిలిన, తల్లి పోయిన వన్యప్రాణుల్ని సాకే ఆవిడ దగ్గర, సాయం చేస్తుంటాను. ఎందుకు వదలరన్న ప్రశ్నకి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే స్పాన్సర్ చేసేముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

అనాథ పిల్లల్లో ఎక్కువ భాగం తిరిగి అడవికే వెళ్తాయి. సీసా పాలతో పెంచి, గడ్డికి అలవాటు చేసి, మనుషులకి దూరం చేసి, రెండేళ్ల వయసుకి వదిలేస్తారు. ఆ వయసుకి వాటికే మన మొహం చూడబుద్ధి కాదు, పిక్క పట్టి కొరుకుతాయి. కొరకడం మొదలైందంటే మాకు సంతోషం.

వెళ్లలేనివి వేరు. కారు గుద్ది చూపు పోయినవి, తలకి దెబ్బ తగిలి గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయేవి, తుంటి విరిగి తవ్వలేనివి. ఇంకొకటి ఎవరికీ తట్టదు, పళ్లు. వాంబాట్ పళ్లకి వేర్లుండవు, కుందేలు ముందుపళ్లలా బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. గరుకు గడ్డి నమిలితే అరుగుతాయి. దవడ విరిగి వంకరగా అతుక్కుంటే పై పన్నూ కింది పన్నూ కలవవు, అరగవు. పెరిగి పెరిగి చిగుళ్లలోకీ నాలుకలోకీ దిగుతాయి. మత్తు ఇచ్చి కత్తిరించాలి, కొన్నాళ్లకి మళ్లీ కత్తిరించాలి. దాన్ని అడవిలో వదిలితే ఆకలితో చస్తుంది. మీ డబ్బు వెళ్లేది ఇలాంటి చోట్లకే.

చేదు నిజం కూడా చెప్పాలి. వెళ్లలేని ప్రతిదాన్నీ ఉంచుకోరు. ఉంచుకోడానికి అనుమతి కావాలి. నొప్పి లేకుండా బతికే దారి లేదని డాక్టరు తేలిస్తే కారుణ్య మరణమే. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది ఎంతవరకు చెబుతారో మీ ఇష్టం.

హైదరాబాదీ:
ఇక్కడ నుంచి కూడా చేయొచ్చా? కాకపోతే ఒక మాట, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు. మన దగ్గర ఎన్ని మూగజీవాలు లేవు? ఒకప్పుడు వీధుల్లో ఆడించిన ఎలుగుబంట్లని తెచ్చి పెట్టుకున్న కేంద్రం ఆగ్రాలో ఉంది, వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థది. ముక్కు పొడిచి తాడు కట్టి, పళ్లు పీకేసిన ఎలుగుబంట్లవి. అవీ అడవికి పోలేవు. వాటిని వదిలేసి వాంబాట్ దాకా ఎందుకు?

బాలరాట్ బాబాయ్:
తమ్ముడూ, నువ్వు ఎలుగుబంటినే చెయ్యి, ఎవరొద్దన్నారు. మేం ఉండేది ఇక్కడ. రాత్రిపూట వాంబాట్‌లని గుద్దుతున్నది మా కార్లే. అందుకని మేం కడుతున్నాం.

లెక్కల మాస్టారు:
హైదరాబాదీ గారూ, కార్డుతో కట్టొచ్చు గానీ ఆస్ట్రేలియా సంస్థకిచ్చిన విరాళానికి మన ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు (80జీ అని పిలిచేది) రాదు. అది ఇక్కడ ఆమోదం ఉన్న సంస్థలకే. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి, సంస్థకి డీజీఆర్ హోదా (విరాళాలకి పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు) ఉంటే 2 డాలర్లు, ఆపైన ఇచ్చిన విరాళానికి మినహాయింపు ఉంది. ఏబీఎన్ లుకప్ అనే అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లో సంస్థ పేరు కొడితే హోదా కనిపిస్తుంది. బొమ్మా టీషర్టూ కొన్న డబ్బు విరాళం కిందకి రాదు. జూన్ 30 లోపు కట్టింది ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది.

కాలిన చేతులు:
ఆ లుకప్ మాట ఇంకాస్త గట్టిగా చెప్పండి సార్. 2020 జనవరిలో ఆస్ట్రేలియా అడవుల మంటలప్పుడు ఫేస్‌బుక్‌లో ఒక పేజీ చూసి కట్టాను. కాళ్లకి కట్లు కట్టిన వాంబాట్ ఫోటో, ఏడుపొచ్చింది. కట్టాక రసీదు లేదు, ఉత్తరం లేదు. నాలుగు నెలలకి అదే ఫోటో ఇంకో పేజీలో, ఇంకో పేరుతో కనిపించింది. పోయింది 150 డాలర్లే. కానీ ఆ తర్వాత రెండేళ్లు ఎవరికీ పైసా ఇవ్వలేదు, అదీ అసలు నష్టం. ఇప్పుడు ఫోన్ చేసి "ఈ జంతువుని ఎందుకు వదల్లేరు" అని అడుగుతాను. నిజంగా పెంచేవాళ్లయితే అరగంట మాట్లాడతారు, ఆపలేం.

కాంగరూ వ్యాలీ:
అడిగారు కాబట్టి మా కథ. పోయిన చలికాలం సాయంత్రం చీకటి పడుతుండగా రోడ్డు పక్కన ఒకటి పడి ఉంది. మా ఆవిడ ఆపమంది. అప్పటికే ప్రాణం లేదు, కడుపు దగ్గర ఏదో కదులుతోంది. వాంబాట్ పిల్లని మోసే పొట్ట సంచి మూతి వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా. ఆ సంగతి తెలియక నేను ముందు వైపు వెతుకుతున్నాను. వన్యప్రాణుల్ని కాపాడే వైర్స్ సంస్థ వాళ్లకి ఫోన్ చేస్తే, పిల్ల చనుమొన పట్టుకుని ఉంటే లాగొద్దు, నోరు చీలిపోతుంది అన్నారు. మనిషి వచ్చేదాకా ఒంటి మీది స్వెట్టర్ కప్పి కూర్చున్నాం. ఆవు పాలు పట్టొద్దని కూడా చెప్పారు. అవి పడవు, విరేచనాలతో పోతాయట.

తర్వాత ఆ పిల్లనే స్పాన్సర్ చేస్తామని అడిగాం. కేరర్ నవ్వి, "ఇది వెళ్లిపోయేది, దీని మీద మమకారం పెట్టుకోకండి" అంది. పక్క గదిలో ఒంటికన్ను మగదాన్ని చూపించింది. ఇప్పుడు కడుతున్నది దానికే. నిజం చెప్పాలంటే ఆ మగదాని మీద నాకంత ప్రేమ లేదు. నెలనెలా పోతోంది, అంతే.

గజ్జి మందు:
నాది వేరే వాదన. బందీగా ఉన్న ఒక్కదానికి ఏళ్ల తరబడి పెట్టే డబ్బుతో బయటున్నవాటికి ఎంత చేయొచ్చో ఆలోచించండి. టాస్మేనియా నారవంటపు పార్కులో గజ్జి సోకి వాంబాట్‌లు 90 శాతానికి పైగా పోయాయి. మనుషులకీ కుక్కలకీ గజ్జి తెచ్చే పురుగే. చర్మం అట్టకట్టి, కళ్లూ చెవులూ మూసుకుపోయి, ఎండలో తిరుగుతూ చస్తాయి. మందు కొత్తదేం కాదు, పశువుల వీపు మీద పోసేదే. బొరియ గుమ్మానికి ప్లాస్టిక్ రేకు వేలాడదీసి దానిమీద మందు పెడితే, దూరేటప్పుడు వీపున ఒలుకుతుంది. వారం వారం వెళ్లి నింపాలి. ఒకటికి బదులు పది బతుకుతాయి.

పాలసీసా:
మీరన్నది కాదనను, నేనూ ఆ రేకులు కట్టాను. కానీ చాలా చోట్ల గజ్జి మందు పట్టేదీ, గుడ్డిదాన్ని సాకేదీ ఒకే మనిషి, ఒకే బ్యాంకు ఖాతా. గుడ్డిదాని ఫోటో చూసి ఇచ్చిన డబ్బే పెట్రోలై బొరియల దగ్గరికి వెళ్తుంది. బొరియ ఫోటో చూసి ఎవరిస్తారు చెప్పండి?

గజ్జి మందు:
అదీ నిజమే. కాన్‌బెర్రా అమ్మ గారూ, మీకు దగ్గర్లో గుండారూ వైపు స్లీపీ బరోస్ ఉంది, వాంబాట్‌ల కోసమే నడిచే చోటు. ముందు వాళ్లని కనుక్కోండి. వెళ్లి ఎత్తుకుంటాం అనకండి. ముద్దు చేయనిచ్చే చోటంటేనే నాకు అనుమానం.

కాన్‌బెర్రా అమ్మ:
అందరికీ చాలా థాంక్సండీ. నిన్న ఒక చోటికి ఫోన్ చేశాను. కాలిన చేతులు గారన్నట్టే నలభై నిమిషాలు మాట్లాడారు. చూపు లేని ఆడ వాంబాట్, ఆరేళ్లది. గిన్నె రోజూ ఒకే చోట పెట్టాలట, జానెడు జరిగినా వెతుక్కుంటుందట. చూడటానికి రానివ్వరు. పాప మొహం చిన్నబోయింది గానీ, దాని పెంట పాచికల్లా పలకలు పలకలుగా ఉంటుందని వినగానే బడిలో చెప్పుకోడానికి విషయం దొరికిందని లేచింది. ఏడాదికి కట్టేస్తున్నాం. ఫారంలో పాప పేరు రాయాలా, నా పేరా? పన్నుకి నాది ఉండాలేమో కదా?

లెక్కల మాస్టారు:
రసీదు డబ్బు కట్టినవాళ్ల పేరు మీదే తీసుకోండి. సర్టిఫికెట్ మీద పాప పేరు వేయమని విడిగా అడగండి, సాధారణంగా వేస్తారు.