పాపతో పాటు ప్రయోగశాలకు తిరిగి వెళ్లడం ఎలా?

ప్రశ్న: నేను హైదరాబాదులో జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, పాపకు ఐదో నెల. ప్రయోగశాలలో పెంచే కణాలకు రెండు రోజులకోసారి మాధ్యమం (పోషక ద్రవం) మార్చాలి కనుక ఆదివారమూ వెళ్లక తప్పదు. పాలు పిండుకోవడానికి చోటు లేక, రసాయనాల సీసాల గదిలో తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని కూర్చుంటున్నాను. పీహెచ్‌డీ గడువు దాటిపోతుందేమోనని భయంగా ఉంది. నాకున్న హక్కులేమిటి?

జవాబు 1: ముందు గడువు గురించి దిగులు పడకండి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2016 నిబంధనల నుంచీ మహిళా పరిశోధకులకు పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, గడువులో రెండేళ్ల అదనపు సడలింపు ఉన్నాయి. మాటతో సరిపెట్టుకోకుండా దరఖాస్తు రాసిచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.

జవాబు 2: 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చనీ చెప్పింది. ఫెలోషిప్ పొందేవారు ఉద్యోగులు కారంటూ కొన్నిచోట్ల తప్పించుకుంటారు. నాకు అది అన్యాయంగానే తోస్తుంది. ఒంటరిగా కాక, తోటి పరిశోధకులందరితో కలిసి అడగండి.

జవాబు 3: నేను ఇద్దరు పిల్లల కోసం ఆరేళ్లు ఆగిపోయి, విజ్ఞాన, సాంకేతిక శాఖవారి మహిళా శాస్త్రవేత్తల పథకం ద్వారా తిరిగి వచ్చాను. ఇప్పుడది వైజ్-కిరణ్ పేరుతో నడుస్తోంది. నా భర్త సాయంత్రం ఐదింటికే ఇల్లు చేరడం అలవాటు చేసుకోకపోతే ఆ పథకం ఒక్కటే నన్ను నిలబెట్టేది కాదు. తండ్రులైన పరిశోధకులకూ సెలవు అడగండమ్మా.