‘ఆల్చిప్ప’ను ‘నత్తగుల్ల’ అనొచ్చా?

రేవుగట్టు: ఏట్లో బతికే రెండు చిప్పల జీవిని ఏరుకుపోవద్దని రేవులో పెట్టే బోర్డుకు తెలుగు చూస్తున్నాను. ముసాయిదాలో ‘మంచినీటి నత్తగుల్ల’ అని ఉంది. సరేనా?

పదాలపెట్టె: సరి కాదండీ. నత్తది ఒకటే గుల్ల, మెలితిరిగి ఉంటుంది. దీనికి రెండు చిప్పలు, వీపున మడతబందు వేసినట్టు కలిసి ఉంటాయి. ‘స్వాతివాన ముత్యపుచిప్పకు గాని నత్తగుల్లకేల’ అన్న సామెత ఈ రెంటినీ ఎప్పుడో విడదీసింది. ఆల్చిప్ప అనండి, చాలు. మామిడికాయ చెక్కు తీసేది దీనితోనే కదా: చిప్ప వీపున ఉబ్బిన మూపురాన్ని రాతిమీద కన్నం పడేదాకా అరగదీస్తే, ఆ కన్నపు అంచే కత్తి. ‘ముత్యపుచిప్ప’ మాత్రం వద్దు, వద్దన్నవాటినే జనం ఏరుకుపోతారు!

ఏటిఇసుక: కానీ ఆల్చిప్ప అనగానే మనకు ఖాళీ పెంకే కళ్లముందు మెదులుతుంది. మొదటిసారి ‘బతికున్న ఆల్చిప్ప’ అని రాయండి. మన చెరువుల్లో, ఏళ్లలో మామూలుగా దొరికే లామెల్లిడెన్స్ మార్జినాలిస్ ఇసుకలోనో బురదలోనో సగం కూరుకుని ఉంటుంది. వెనక కొసన రెండు రంధ్రాలు. ఒకదానితో నీళ్లు పీల్చి, నాచునలుసులు మొప్పలతో వడగట్టుకుని, రెండోదానితో వదులుతుంది.

రేవుగట్టు: గ్లోచిడియాను, అంటే ఆల్చిప్ప పిల్లదశను, ఉత్త ‘లార్వా’ అనేశాను.

ఏటిఇసుక: అసలు సంగతంతా అక్కడే ఉందండీ. అది అర మిల్లీమీటరు కూడా ఉండదు. తల్లి వదిలాక ఏ చేప మొప్పలనో రెక్కలనో కరుచుకోవాలి, లేకపోతే చస్తుంది. కొన్నాళ్లు చేపమీదే ఉండి, రూపు మారి, అడుక్కు రాలుతుంది. ‘అంటుపిల్ల’ అందామా? అడ్డుకట్టతో ఆ చేప రాక ఆగితే ఆల్చిప్ప సంతానమూ ఆగినట్టే. పెద్దవి ఏళ్లతరబడి బతుకుతాయి గనక ఏరు నిండా ఉన్నట్టే కనిపిస్తాయి, వెతికితే చిన్నది ఒక్కటీ దొరకదు. ఇసుక తవ్వారా, ఆ పెద్దవీ లారీ ఎక్కుతాయి.

పదాలపెట్టె: అంటుపిల్ల అంటే అంటురోగం గుర్తొస్తుందేమో. ‘పట్టుపిల్ల’ అంటే పట్టుపురుగు అడ్డొస్తుంది. పోనీ, అంటుమొక్క ఉందిగా, అంటుపిల్లే ఉంచండి.

ఏటిఇసుక: ముసాయిదాలో ‘తిరిగి నీళ్లలోకి విసరండి’ అని ఉంటే కొట్టేయండి. విసిరితే లోతు బురదలో పడి కూరుకుపోవచ్చు. ‘తీసినచోటే, మూపురం దగ్గరి కొస కిందికి, పొడుగు కొస పైకి వచ్చేలా సగం గుచ్చండి’ అని రాయండి. తాకగానే చిప్పలు బిగిస్తే బతికున్నట్టే. నోరు తెరిచి, తట్టినా మూయనిది మామిడికాయలకు పనికొస్తుంది.