ఎడమ కర్ణిక సాగి ఏఎఫ్ వచ్చిందా, ఏఎఫ్ వచ్చి కర్ణిక సాగిందా?

నాన్నకోసం
మూడేళ్ల క్రితం నాన్నకి ఎకో (గుండె స్కాన్) తీస్తే ఎడమ కర్ణిక 39 మిల్లీమీటర్లు ఉంది. మొన్న తీస్తే 46. ఈ మధ్యలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే కర్ణిక లయ తప్పి అదరడం) బయటపడింది. మొదట్లో వచ్చి పోయేది, ఇప్పుడు వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. ఒక డాక్టరుగారు "లయ తప్పి తప్పి గది సాగిపోయింది" అన్నారు. ఇంకొకరు "బీపీతో గది ముందే పాడైంది, ఏఎఫ్ దాని ఫలితం" అన్నారు. నాకిది ఉత్త మాటల తేడా కాదు. మొదటిదే నిజమైతే మొదటి ఏడాదే లయను సరిచేయించాల్సింది. గుండె వేగం తగ్గించే మాత్రతో సరిపెట్టుకున్నాం. రెండోది నిజమైతే ఇప్పుడు అబ్లేషన్ (లయ తప్పించే చోట్లను గుండెలో కాల్చడం) చేయించి ఏం లాభం? తెలిసినవాళ్లు చెప్పండి.

లయముఖ్యం
నా ఓటు మొదటి డాక్టరుగారికే. 1995లో నెదర్లాండ్స్‌లో అలెస్సీ బృందం ఆరోగ్యంగా ఉన్న మేకల గుండెకు ఎలక్ట్రోడ్లు అమర్చింది. ఏఎఫ్ ఆగిన ప్రతిసారీ యంత్రం మళ్లీ రగిలించేది. మొదట్లో కాసేపటికే దానంతటదే ఆగిపోయేది. సగటున వారం గడిచేసరికి 11 మేకల్లో పదింటికి 24 గంటలు దాటినా ఆగలేదు. వాటికి బీపీ లేదు, కవాటాల జబ్బు లేదు, ముసలితనం లేదు. ఏఎఫే ఏఎఫ్‌ని పెంచి పోషిస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

గోడసంగతి
ఆ ప్రయోగంలో మిగతా సగం కూడా చెప్పాలి కదండీ. మామూలు లయ తిరిగి వచ్చాక ఆ మేకల కర్ణికల్లో ఏఎఫ్ తెచ్చిన విద్యుత్ మార్పులు వారం లోపే సర్దుకున్నాయి. మనుషుల్లో అంత తేలిగ్గా సర్దుకోనిది ఒకటుంది, అదే పీచు. కండర కణాల మధ్య కొల్లాజెన్ పేరుకుంటే విద్యుత్తు తిన్నగా పోలేక వంకరటింకరగా తిరుగుతుంది, తిరిగిన చోటే మళ్లీ తిరుగుతుంది. 2014లో వచ్చిన డెకాఫ్ అధ్యయనంలో ఎంఆర్‌ఐతో ఈ పీచును కొలిచారు. గోడలో 10 శాతం లోపు ఉన్నవాళ్లలో అబ్లేషన్ తర్వాత ఏడాది తిరక్కుండా సుమారు 15 శాతం మందికి తిరగబెట్టింది. 30 శాతం దాటినవాళ్లలో 51 శాతం మందికి.

ఇంకోటి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల మీద జరిగిన అసర్ట్ అధ్యయనంలో స్ట్రోక్ లాంటివి వచ్చిన 51 మందిలో, అంతకు ముందు 30 రోజుల్లో ఏఎఫ్ నమోదైంది నలుగురికే. స్ట్రోక్ తెచ్చే రక్తపు గడ్డ కర్ణికలో కట్టడానికి ఆ రోజు లయ తప్పి ఉండాల్సిన పనే లేకపోయింది, గది పాడైతే చాలింది.

లయముఖ్యం
గది పాడైతే చాలు అంటున్నారు. మరి ఆర్కేడియా అధ్యయనం సంగతి? కారణం తెలియని స్ట్రోక్ వచ్చి, ఏఎఫ్ లేకుండా కర్ణిక జబ్బు గుర్తులు మాత్రమే ఉన్న 1015 మందికి అపిక్సబాన్ (ఏఎఫ్‌లో వాడే రక్తం పలచబరిచే మందు) ఒక వైపు, ఆస్పిరిన్ ఒక వైపు ఇచ్చి చూశారు. మళ్లీ స్ట్రోక్ వచ్చింది రెండు వైపులా ఏడాదికి 4.4 శాతమే. గది జబ్బే అసలు దోషి అయితే రక్తం పలచబరిచే మందు గెలవాలి కదా.

గోడసంగతి
ఒప్పుకుంటాను, అది నా వాదనకు గట్టి దెబ్బే. గది జబ్బును మనం పట్టుకుంటున్న గుర్తులే సరైనవి కాకపోవచ్చు అని నా అనుమానం. అది అనుమానమే, రుజువు కాదు.

ఎకోగదిలో
ఇరవై ఏళ్లుగా ఎకో తీస్తున్నాను. నాన్నకోసం గారూ, ముందు ఆ 39, 46 సంగతి చూద్దాం. అది ముందు నుంచి వెనక్కి తీసిన ఒక్క కొలత. ముందు ఎముక, వెనక వెన్నెముక ఉంటాయి కాబట్టి కర్ణిక అటు సాగలేక పైకీ పక్కలకీ సాగుతుంది. అందుకే ఘనపరిమాణం కొలిచి, ఒంటి వైశాల్యంతో భాగించి చూడాలి. చదరపు మీటరుకు 34 మిల్లీలీటర్లు దాటితే పెద్దదైనట్టు. ఏఎఫ్‌లో ఒక్కో కొట్టుకి ఒక్కోలా ఉంటుంది, నాలుగైదు కొట్టుల సగటు తీయకపోతే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు నేను రోజూ చూసేది చెప్తాను. ఎడమ కర్ణికకీ జఠరికకీ మధ్య ఉన్న మిట్రల్ కవాటం దగ్గర డాప్లర్ (రక్తం వేగం కొలిచే ఎకో పద్ధతి) పెడితే తెర మీద రెండు శిఖరాలు వస్తాయి. మొదటిది రక్తం తనంతట తాను దిగేది, రెండోది కర్ణిక పిండేది. ఏఎఫ్ ఉన్నవాళ్లలో రెండోది ఉండదు. షాక్ ఇచ్చి లయ తెప్పించాక మర్నాడు వచ్చినవాళ్లని చూస్తాను. ఈసీజీలో పీ తరంగం (కర్ణిక విద్యుత్ గుర్తు) చక్కగా ఉంటుంది, ఇంట్లోవాళ్లు సంబరంగా ఉంటారు. నా తెర మీద ఆ రెండో శిఖరం మాత్రం కనీకనపడకుండా ఉంటుంది. లయ వచ్చింది, కండ ఇంకా మేలుకోలేదు. అది లేవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. షాక్ తర్వాత కనీసం నాలుగు వారాలు రక్తం పలచబరిచే మందు ఆపొద్దనేది ఇందుకే. ఆ బద్ధకపు గది మూలన చిన్న సంచి ఒకటుంది, గడ్డలు ఎక్కువగా అక్కడే కడతాయి.

గది సాగితే కవాటం చుట్టూ ఉన్న వలయమూ సాగుతుంది. రెక్కలు కలవవు, రక్తం వెనక్కి కారుతుంది, ఆ భారంతో గది ఇంకా సాగుతుంది. ఈ చక్రం మొదలయ్యాక ఎవరిది ముందు అని విడదీయడం కష్టం. నా అనుభవంలో బీపీ ఉన్న పెద్దవాళ్లకి గోడే ముందు పాడవుతుంది. ఆ తర్వాత ఏఎఫ్ వచ్చి ఆ పాడవడాన్ని పరుగెత్తిస్తుంది.

లయముఖ్యం
పరుగెత్తిస్తుందంటే తొందరగా ఆపాలనే కదా! 2020లో వచ్చిన ఈస్ట్ అధ్యయనం అదే చెప్పింది. ఏఎఫ్ బయటపడిన ఏడాది లోపు ఉన్న 2789 మందిలో, లయను మొదటి నుంచీ కాపాడిన వైపు గుండె జబ్బు మరణాలు, స్ట్రోక్‌లు, గుండె జబ్బుతో ఆసుపత్రి చేరికలు కలిపి ఏడాదికి నూటికి 3.9. మామూలు వైద్యం జరిగిన రెండో వైపు 5.0. 2002 నాటి అఫర్మ్ అధ్యయనంలో లయను కాపాడినా, వేగం మాత్రమే తగ్గించినా తేడా కనపడలేదంటే అది మందులు ఇప్పటిలా లేని కాలం, అబ్లేషన్ దాదాపు లేని కాలం.

గోడసంగతి
తొందరగా ఆపాలన్న దాంట్లో మీతో గొడవ లేదు. కానీ లయ ఒక్కటే చూసి గోడను వదిలేయొద్దు. పీచు ఉన్న చోట్లన్నీ ఎంచి కాల్చితే మేలేమో అని డెకాఫ్ 2లో 843 మందిలో చూశారు, అదనపు లాభం రాలేదు. పీచును కాల్చి పోగొట్టలేం. బీపీ, బరువు, మద్యం, నిద్రలో శ్వాస ఆగడం, వీటి మీద పట్టుబట్టాలి.

నాన్నకోసం
అందరికీ కృతజ్ఞతలు. రాత్రి పాత ఫైలు మళ్లీ తీశాను. మూడేళ్ల నాటి రిపోర్టులో ఘనపరిమాణం లేదు. కానీ కింద ఒక లైనుంది: "ఎడమ జఠరిక గోడ మందం 13 మిల్లీమీటర్లు." ఏఎఫ్ ఇంకా బయటపడలేదు అప్పటికి.

ఎకోగదిలో
మామూలుగా మగవాళ్లకి 10 వరకూ ఉంటుంది. 13 అంటే, వేరే కారణం లేకపోతే, బీపీ చాలాకాలంగా పనిచేస్తోందని అర్థం. గట్టిపడ్డ జఠరికలోకి రక్తం తోయడానికి కర్ణిక అప్పటికే కష్టపడుతూ ఉండాలి.

నాన్నకోసం
ఆ రోజుల్లో నాన్న "తలనొప్పి లేదుగా" అని బీపీ మాత్ర నెలల తరబడి మానేసేవారు. ఆ లైను మా ఇంట్లో ఎవరం చదవలేదు, మాకు ఎవరూ చదివి చెప్పలేదు. రేపు రెండు రిపోర్టులూ పట్టుకుని వెళ్తున్నాం. ఘనపరిమాణం కొలిచారా, కవాటం ఎంత కారుతోంది, ఈ స్థితిలో అబ్లేషన్ నిలబడే అవకాశమెంత, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాను. బీపీ మాత్ర ఇవాళ్టి నుంచి నా చేత్తోనే ఇస్తున్నాను.