ఇటలీ సైట్ వాళ్లకి కన్‌స్ట్రక్షన్ ఇంగ్లిష్ నేర్పాలి, ఎక్కడ మొదలెట్టాలి?

తొరీనో_సివిల్:

అందరికీ నమస్తే. తొరీనోలో మాస్టర్స్ చేసి ఇప్పుడు మిలానో పక్కన ఒక కాంట్రాక్టర్ దగ్గర స్ట్రక్చర్స్ సైడ్ చేస్తున్నా. మావాళ్లకి గల్ఫ్‌లో రెండు సబ్‌కాంట్రాక్టులు తగిలాయి, ఒకటి దోహా ఒకటి రియాద్, ఇక్కణ్ణుంచి చిన్న టీమ్ వెళ్తుంది, ఎవరు ఎక్కడికో ఇంకా తేల్లేదు. వెళ్లేవాళ్లందరూ యాభైకి అటూ ఇటూ ఉన్నోళ్లే. పనిలో వంక పెట్టలేం. ఒక జెయోమెత్ర ఉన్నాడు, అంటే ఇక్కడ కొలతలు, సైట్ పని చూసే టెక్నీషియన్, షట్టరింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు) చుట్టూ ఒక్క రౌండ్ వేసి సిమెంట్ పాలు ఎక్కడ కారతాయో పోత పొయ్యకముందే చెప్పేస్తాడు. కానీ ఇంగ్లిష్ మాత్రం ఎప్పుడో స్కూల్లో చదివిన ముక్కలు. ఆఫీసులో ఇంగ్లిష్ గడగడా మాట్లాడేది నేనొక్కడినే కాబట్టి వాళ్లకి నేర్పే పని నా నెత్తిన పడింది.

నెట్‌లో దొరికిన లిస్టులు చూశా, బ్రిక్ అంటే మత్తోనె, హ్యామర్ అంటే మర్తెల్లొ, అలా వందల మాటలు. అవి బట్టీ పట్టిస్తే రెండో రోజే మర్చిపోతారు, పైగా కన్సల్టెంట్‌తో ఇన్‌స్పెక్షన్‌కి నిలబడ్డప్పుడు సుత్తి అనే మాట ఎవడికి కావాలి. ఇటాలియన్లకి ఇంగ్లిష్ చెప్పినోళ్లు, గల్ఫ్ సైట్లలో చేసినోళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. ఇంకో డౌటు, బ్రిటిష్ మాటలు చెప్పాలా అమెరికన్ చెప్పాలా?


రోమా_టీచరమ్మ:

నేను రోమాలో ప్రైవేట్‌గా ఇంగ్లిష్ చెప్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆర్కిటెక్టులు, బిల్డింగ్ వాళ్లే ఎక్కువ. మీరు లిస్టు పక్కన పెట్టడం మంచి పని. వాళ్లకి తెలియని మాటలతో పెద్ద ఇబ్బంది లేదండి, తెలియదని తెలుసు కాబట్టి అడుగుతారు. తెలిసినట్టు కనిపించే మాటలే కొంప ముంచుతాయి, లాటిన్ నుంచి రెండు భాషలకీ వచ్చినవి కదా, ఇటాలియన్ మాటకి తోక కత్తిరించి ఇంగ్లిష్ అనుకుని వాడేస్తారు.

సైట్‌లో రోజూ తగిలేవి చెప్తా. పవిమెంతొ అంటే వాళ్లకి గది నేల, టైల్స్, పార్కే, ఏదైనా. దాన్ని పేవ్‌మెంట్ అనేస్తారు, అవతలివాడు లండన్ వాడైతే ఫుట్‌పాత్ అనుకుంటాడు, అమెరికా వాడైతే రోడ్డు అనుకుంటాడు, బెడ్‌రూమ్ నేల గురించి అని ఇద్దరికీ తట్టదు. అత్తికొ అంటే ఇక్కడ పై అంతస్తులో ఖరీదైన పెంట్‌హౌస్, ఇంగ్లిష్‌లో ఆటిక్ అంటే పాత సామాన్లు పడేసే అటక. బాక్స్ అంటే కారు గ్యారేజ్. కాంతీన అంటే కింద సెల్లార్, క్యాంటీన్ కాదు. ప్రెవెంతీవొ అంటే కొటేషన్, దాన్ని ప్రివెంటివ్ అని మెయిల్‌లో రాస్తే చదివినవాడు ఏ జబ్బు రాకుండా మందిస్తున్నారో అనుకుంటాడు.

కాంక్రీట్ పనిలో అయితే ఇంకా ఉన్నాయి. చెమెంతొ అర్మాతొ అంటే ఆర్‌సీసీ, ఇనుము వేసిన కాంక్రీట్, నా స్టూడెంట్లలో సగం మంది మొదట ఆర్మ్‌డ్ సిమెంట్ అనే అంటారు, తుపాకీ పట్టుకున్న సిమెంట్ బస్తా గుర్తొచ్చి నాకు నవ్వాగదు. దిజార్మొ అంటే షట్టరింగ్ ఊడదీయడం, దాన్ని డిసార్మ్ అంటారు. జెత్తొ అంటే పోత, అది జెట్ అయిపోతుంది. స్తాఫె అంటే స్టిరప్స్, మన మేస్త్రీలు రింగులు అంటారే అవి. "ఇన్ దిస్ కాలమ్ ది స్టాఫ్ ఈజ్ మిస్సింగ్" అంటే వినేవాడు మనుషులు తక్కువయ్యారేమో అనుకోడా.

కానీ నేను అన్నిటికంటే ఎక్కువ టైమ్ పెట్టేది బిల్డింగ్ మాటల మీద కాదు, రెండు మామూలు మాటల మీద. ఎవెంతువల్మెంతె అంటే "అవసరం పడితే", అత్తువల్మెంతె అంటే "ప్రస్తుతం". వీటిని ఈవెంచువల్లీ, యాక్చువల్లీ అని దించేస్తారు. ఒకాయన క్లయింట్‌కి బేస్‌మెంట్ గోడల గురించి "ఈవెంచువల్లీ వి విల్ ప్రొవైడ్ వాటర్‌ప్రూఫింగ్" అని మెయిల్ రాసి తీసుకొచ్చాడు, పంపేముందు చూడమని. ఆయన చెప్పదలుచుకుంది అవసరమైతే చేస్తామని, ఆ ఇంగ్లిష్ చదివితే ఎప్పటికైనా చేసి తీరతామని. అది వెళ్లుంటే ఆ మెయిల్ చూపించి డబ్బులివ్వకుండా చేయించుకునేవాళ్లు. నౌన్స్ తప్పయితే బొమ్మ చూపించి బయటపడొచ్చు, ఇలాంటివి కాంట్రాక్టులో కూర్చుంటాయి.

పలకడం గురించి ఒక మాట. హ వీళ్ల నోట రాదు, హైట్ అనేది ఎయిట్ లాగే వినపడుతుంది. "ఎయిట్ ఈజ్ త్రీ మీటర్స్" అంటే బుర్ర గోక్కోవాలి. ఇంకోటి షీట్ పైల్, మట్టి కూలకుండా భూమిలోకి దింపే ఇనుప రేకు. ఇ, ఈ తేడా మనకి అక్షరాల్లోనే ఉంది కాబట్టి బాధ లేదు, వాళ్లకి లేదు, పొట్టిగా పలికితే మీటింగ్ రూమ్‌లో ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మొదటి క్లాసులోనే సిగ్గుపడకుండా చెప్పేయండి, నవ్వుకుంటారు, ఇక మర్చిపోరు. మాట చివర అచ్చు తగిలించడం, బ్రిక్కె, బీమె అనడం మాత్రం వదిలేయండి, ఎవరికీ నష్టం లేదు, మనం మాత్రం తక్కువ తిన్నామా బస్సు, కారు, రోడ్డు అంటూ.


జగిత్యాల_టు_దోహా:

తమ్మీ నేను దోహాల షట్టరింగ్ ఫోర్‌మెన్‌గ చేస్తున్న, అంతకుముందు రియాద్‌ల ఉంటి. టీచరమ్మ చెప్పింది మంచిగనే ఉంది గని ఆఫీస్ ముచ్చట అది. సైట్ల ఇంగ్లిష్ వేరే ఉంటది.

మీవోళ్ల ముంగట నిలబడేది లండన్‌ల పుట్టినోడు గాదు. ఇనుము కట్టేటోడు నిజామాబాదోడో బీహారోడో నేపాలోడో ఉంటడు, ఫోర్‌మెన్ మలయాళీ ఉంటడు, క్యూసీ, అంటే క్వాలిటీ చూసే ఇంజనీర్ ఫిలిప్పీన్స్ ఉంటడు, కన్సల్టెంట్ ఈజిప్టోడో జోర్డానోడో ఉంటడు. అందరికీ కలిపి ఒక నాలుగైదు వందల మాటలుంటయి, వాటితోనే టవర్లు లేస్తున్నయి. గ్రామర్ చెప్పుకుంట కూసుంటే టైం వేస్ట్.

ఫార్మ్‌వర్క్ అని కాగితం మీద రాస్తరు, నోటితోని మాత్రం షట్టరింగే అంటరు. కార్పెంటర్ అంటే తలుపులు చేసేటోడు గాదు, షట్టరింగ్ కొట్టేటోడు. ఇనుముకు స్టీల్ ఫిక్సర్. పది మంది మీద చార్జ్‌హ్యాండ్, ఆయన మీద ఫోర్‌మెన్. మన దగ్గర పునాది కింద ఇనుము లేకుండ పోసేదాన్ని పీసీసీ అంటం గదా, దోహాల బ్లైండింగ్ అంటరు, ఇటలీల దానికేమంటరో నాకెరుక లేదు. స్లాబ్‌లకెళ్లి మీదికి లేసే చువ్వలు స్టార్టర్ బార్లు. కంకర తేలి బొక్కలు బొక్కలు కనపడితే హనీకోంబ్. ఇగ ఇది మొదలు నేర్పియ్యి, ఎందుకంటే ఇది కనపడ్డదంటే ఎన్‌సీఆర్, అంటే పని సరిగ లేదని రాసిన కాగితం వస్తది, జవాబు రాయాలె, రిపేరు ఎట్ల చేస్తరో మెథడ్ స్టేట్‌మెంట్ పెట్టాలె, అది అప్రూవ్ అయ్యేదాంక మీద పని ఆగుతది.

నా మాట వింటే ఒక పోత రోజు తీస్కో. పొద్దుగాల కెళ్లి రాత్రి దాంక ఏమేం అంటరో వరసగ చెప్పియ్యి. ముందురోజు ఇన్‌స్పెక్షన్ రిక్వెస్ట్ పెట్టుడు, కవర్ బ్లాకులు (ఇనుము అచ్చుకు తగలకుంట పెట్టే దిమ్మెలు) ఉన్నయా, ల్యాప్ (చువ్వ మీద చువ్వ ఎక్కిచ్చేది) సరిపోయిందా, లోపల కట్టింగ్ వైరు ముక్కలు, రంపపు పొట్టు క్లీన్ చేసిన్రా, సర్వేయర్ లెవెల్ ఇచ్చిండా. ట్రక్కు రాంగనే డెలివరీ టికెట్ల టైము, గ్రేడు చూసుడు, స్లంప్ కొట్టుడు (కాంక్రీట్ ఎంత జారుగుందో చూసుడు), టెంపరేచర్ చూసుడు, బలం టెస్టుకు క్యూబులు తీసుడు. ఎండకాలం పోతలు రాత్రే ఉంటయి, ఐస్ ఏసి పంపుతరు, టెంపరేచర్ ఎక్కువుంటే ట్రక్కు రిజెక్ట్. గప్పుడు "రిజెక్టెడ్, సెండ్ బ్యాక్" అనే రెండు ముక్కలు గట్టిగ అనడం రావాలె మీవోళ్లకు. తర్వాత వైబ్రేటర్, లెవెల్, ఫినిష్, క్యూరింగ్, గోనెసంచులు. గింతే. ఈ ఒక్క రోజు మొత్తం నోటికొస్తే మిగిలినయి ఆడనే నేర్సుకుంటరు.


లండన్_క్యూఎస్:

పై ఇద్దరూ బాగా చెప్పారు, నేను బ్రిటిష్ అమెరికన్ గొడవ చూస్తా. దోహా వెళ్లేవాళ్లకి బ్రిటిష్ మాటలు చెప్పండి, రియాద్‌కి అమెరికన్ కూడా తెలియాలి, సౌదీ కాంక్రీట్ కోడ్ అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్, అదే ఏసీఐ, కోడ్ మీద కట్టిందే. మాటలు పెద్దగా ఏం లేవు, ప్లాస్టర్‌బోర్డ్ అక్కడ డ్రైవాల్, లిఫ్ట్ ఎలివేటర్, బార్స్ రీబార్. అంతస్తుల దగ్గర మాత్రం జాగ్రత్త, ఇటలీలో పియానొ తెర్ర మీద ప్రీమొ పియానొ, మన గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్ లాగే, అమెరికన్ లెక్కలో అదే సెకండ్ ఫ్లోర్. అందుకే డ్రాయింగ్‌లో లెవెల్ నంబర్ ఎంత ఉందో అదే చెప్పమనండి, ఫ్లోర్ అనే మాటే వద్దు.

కాంక్రీట్ గ్రేడ్ అసలైన ప్రమాదం. మీ పెద్దాయనలు ఇంకా ఆర్‌సీకే 30 అనే అంటుంటారు, అది క్యూబ్ నమూనాని నొక్కి చూసిన బలం, మన ఎం30 లాగే. యూరోకోడ్ పద్ధతిలో అదే సీ25/30, ముందున్న 25 సిలిండర్ నమూనాది, వెనకున్న 30 క్యూబ్‌ది. ఏసీఐలో వాళ్లు చెప్పేది సిలిండర్. అంటే రియాద్‌లో నోటితో "కాంక్రీట్ థర్టీ" అంటే అవతలివాడు సిలిండర్ 30 అనుకుంటాడు, అది వీళ్ల లెక్కలో దాదాపు 37 క్యూబ్. రెండు నంబర్లూ చెప్పడం అలవాటు చేయండి.

ఇంకోటి, ప్లింతొ. ఇటలీలో ప్లింతొ అంటే కాలమ్ కింద విడి ఫుటింగ్. మనకి ప్లింత్ అంటే నేల మీద నుంచి ఇంటి గచ్చు దాకా లేపే ఎత్తు. మీవాళ్లు "ప్లింత్ రెడీ" అంటే అక్కడి ఇండియన్ ఇంజనీర్ పునాది అయిపోయి బీమ్ కూడా పడిందనుకుని మనుషుల్ని దించేస్తాడు. ప్యాడ్ ఫుటింగ్ అనిపించండి.


తొరీనో_సివిల్:

అందరికీ పెద్ద థాంక్స్, ఒక్క రాత్రిలో సిలబస్ వచ్చేసింది. దోహా అన్నా, ఇక్కడ బ్లైండింగ్‌ని మగ్రోనె అంటారు, సిమెంట్ తక్కువేసిన బక్క కాంక్రీట్ అని. హనీకోంబ్‌ని నీది ది గ్యాయ అంటారు, కంకర గూళ్లు. పోత రోజు ఐడియా మా జెయోమెత్రకి చెప్తే తెగ నచ్చింది, రేపు మా సైట్‌లోనే స్లాబ్ ఉంది, పని చేసుకుంటూనే ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో పెట్టుకుందాం అన్నాడు.

ఇంకా రెండున్నాయి. మా డ్రాయింగ్స్‌లో కొలతలు సెంటీమీటర్లలో ఉంటాయి, అక్కడ మిల్లీమీటర్లు కదా, నోటితో చెప్పేటప్పుడు ఎలా? రెండోది, ఆయన తన పోస్ట్ ఇంగ్లిష్‌లో ఏం రాసుకోవాలని అడుగుతున్నాడు, సైట్ మీద క్లయింట్ తరఫున సంతకం పెట్టే దిరెత్తోరె దెయ్ లవోరిగా కూడా చేశాడు, అది వర్క్స్ డైరెక్టర్ అని రాస్తే సరిపోతుందా?


లండన్_క్యూఎస్:

వర్క్స్ డైరెక్టర్ అస్సలు వద్దు. చదివినవాళ్లు కాంట్రాక్టర్ కంపెనీలో పెద్ద బాస్ అనుకుంటారు, ఈయనేమో క్లయింట్ పెట్టుకున్న మనిషి. గల్ఫ్‌లో ఎక్కువ నడిచేది ఫిడిక్ తరహా కాంట్రాక్టులు, అంటే అంతర్జాతీయంగా వాడే నమూనా కాంట్రాక్టులు, అందులో ది ఇంజనీర్ అని ఒకరుంటారు, పని దానికే దగ్గర. సీవీలో ఇటాలియన్ పేరు అలాగే ఉంచి పక్కన ఒక లైన్‌లో క్లయింట్ తరఫున పని పర్యవేక్షించి బిల్లులు ధ్రువీకరించానని ఇంగ్లిష్‌లో రాయమనండి.

కొలతలకి ఒకటే రూల్, నోట్లోంచి సెంటీమీటర్ రాకూడదు. ఇరవై సెంటీమీటర్లకో పదహారు ఎంఎం చువ్వ అని మీరనేది అక్కడ "టీ సిక్స్‌టీన్ ఎట్ టూ హండ్రెడ్". కొత్త బ్రిటిష్ డ్రాయింగ్స్‌లో టీ బదులు హెచ్ ఉంటుంది, సైట్‌లో ఇంకా టీనే అంటారు. మెయిల్‌లో అంకెలు కూడా చూసుకోండి, ఇటలీలో వెయ్యికి చుక్క, దశాంశానికి కామా, 1.500 అని రాస్తే అక్కడ ఒకటిన్నర.


జగిత్యాల_టు_దోహా:

తమ్మీ జెయోమెత్ర అంటే సర్వేయర్ అని రాపియ్యకు. ఈడ సర్వేయర్ అంటే టోటల్ స్టేషన్ (కొలతలు తీసే మిషన్) పట్టుకుని పాయింట్లిచ్చేటోడు, తెల్లారంగ ఆయన్ని గదే పనికి నిలబెడతరు. ఇంజనీర్ అని గూడ ఊరికె రాయద్దు, సౌదీల ఆ పేరు పడాలంటే డిగ్రీ చూపెట్టి ఇంజనీర్ల కౌన్సిల్ల రిజిస్టర్ గావాలె, ఆయనకు డిగ్రీ ఉందో డిప్లొమా లాంటిదే ఉందో ముందుగాల అడుగు. వీసా కాగితాల మీద ప్రొఫెషన్ ఏం పడుతుందో మీ హెచ్‌ఆర్‌తోని ఇప్పుడే మాట్లాడు, దిగినంక మార్పియ్యాలంటే నెలలు తిప్పుతరు.